వెనెజువెలా కళలకు విశాఖలో ఒక సాయంత్రం

వెనెజువెలా పేరు వినగానే మనకు తోచే సంగతులు రెండు మూడే. చమురు, అందాల పోటీల కిరీటాలు, కొన్నేళ్లుగా వార్తల్లో వస్తున్న ఆర్థిక పతనం. ఆ దేశపు చిత్రకారుల్లో ఒక్కరి పేరైనా, అక్కడి వాద్యాల్లో ఒక్కదాని పేరైనా చెప్పమంటే, సంగీతసభలకు క్రమం తప్పక వచ్చే విశాఖ శ్రోతలు కూడా ఆలోచనలో పడతారు. అందులో వారి లోపమేమీ లేదు, ఆ కళ మన ఊరిదాకా రావడమే అరుదు. సినిమా, సంగీతం, చిత్రలేఖనం మీద ఇష్టం ఉన్న మా మిత్రబృందం వచ్చే చలికాలంలో ఒక సాయంత్రాన్ని పూర్తిగా వెనెజువెలా కళలకే కేటాయించాలని నిశ్చయించుకున్నది. అందుకు ఏవి ఎంచుకోవాలి, ఏవి విడిచిపెట్టాలి అన్న చర్చ మా మధ్య ఇంకా నడుస్తూనే ఉన్నది. ఆ చర్చలో నేను చెప్పిన మాటలను, చెప్పడానికి వ్యవధి చాలని మాటలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చర్చలో మొదట వచ్చిన ప్రతిపాదన అందరికీ అలవాటైనదే. వేదిక మీద జెండా, రంగురంగుల దుస్తుల్లో ఒక నృత్యం, మొక్కజొన్న పిండితో చేసే అరేపా రొట్టెలు, గోడల మీద ఏంజెల్ జలపాతం చిత్రాలు. ప్రపంచంలో ఏ నగరంలో ఏ దేశం పేరిట ఉత్సవం జరిగినా దాదాపు ఈ వరుసే కనబడుతుంది. దీనిని నేను గట్టిగా వ్యతిరేకించాను. ఇలాంటి సాయంత్రం ముగిశాక ఇంటికి వెళ్లిన ప్రేక్షకుడికి కాస్త వినోదం మిగులుతుంది తప్ప, ఆ దేశపు కళాకారులు ఏ ప్రశ్నలతో తలపడ్డారో, ఏమి సాధించారో ఒక్కటీ తెలియదు. నా వాదన ఇది: పరాయి ప్రేక్షకుల ముందుకు తెచ్చే ప్రతి కళారూపం విషయంలోనూ, అది పూర్తి కావడానికి ఎవరు కావాలో ముందుగా తేల్చుకోవాలి. ఎక్కడి మనిషైనా వచ్చి ఎదుట నిలబడితే పూర్తయ్యే కళ ఒక జాతి. ఒకే ఊరివారు, ఒకే విశ్వాసం ఉన్నవారు, ఒకే మొక్కుకు కట్టుబడినవారు ఉంటే తప్ప పూర్తికాని కళ మరొక జాతి. మొదటి జాతికి చెందినదాన్ని తెచ్చి చూపాలి. రెండో జాతికి చెందినదాన్ని గురించి శ్రద్ధగా చెప్పాలి, వేదిక మీద అనుకరించకూడదు. వెనెజువెలాకు ఈ రెండు విధాల సంపదా ఉన్నది కాబట్టి ఈ తేడా పాటించడం అక్కడ మరింత అవసరం.

మొదటి జాతిలో అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ఆ దేశపు చలనకళ, అంటే బొమ్మో, చూసే మనిషో కదిలితేనే పూర్తయ్యే కళ. దీనికి ఆధారంగా నిలిచిన ఇద్దరూ 1923లోనే పుట్టారు. ఒకరు ఓరినోకో నది ఒడ్డున ఉన్న సియుదాద్ బొలీవర్‌కు చెందిన హేసూస్ రఫాయెల్ సోతో, మరొకరు కరాకస్‌కు చెందిన కార్లోస్ క్రూస్ దియెస్. సోతో చిన్నవయసులో సొంత ఊళ్లో సినిమా పోస్టర్లు వేసి సంపాదించుకున్నారని తెలిసినప్పుడు, మన ఊళ్లలో సినిమాహాళ్ల ముందు నిలువెత్తు బొమ్మలు వేసిన చిత్రకారులు గుర్తుకు వచ్చి ఆయన మీద నాకు ప్రత్యేకమైన ఆప్యాయత కలిగింది. ఆయన 1950లో పారిస్ చేరారు. 1955లో అక్కడి దెనీజ్ రెనే గ్యాలరీలో చలనకళకు గుర్తింపు తెచ్చిన ప్రదర్శనలో ఆయన పనులూ ఉన్నాయి. క్రూస్ దియెస్ 1960లో అక్కడికి వెళ్లారు. ఇద్దరూ ఆ తరువాత ఎక్కువగా పారిస్‌లోనే పనిచేసి అక్కడే కన్నుమూశారు, సోతో 2005లో, క్రూస్ దియెస్ 2019లో.

వీరి కళకు చూసే మనిషి కదలిక ముడిసరుకు. సోతో 1967 నుంచి చేసిన పెనెత్రాబ్లే రచనల్లో, పైన బిగించిన చట్రం నుంచి వేలకొద్దీ సన్నని ప్లాస్టిక్ గొట్టాలు నేలదాకా వేలాడుతుంటాయి. దూరం నుంచి చూస్తే గాలిలో నిలిచిన రంగుల రాశిలా ఉంటుంది, లోపలికి అడుగుపెట్టగానే ఒంటికి తగులుతూ, పక్కకు తొలగుతూ, మళ్లీ మూసుకుంటూ ఉంటుంది. లోపల ఉన్నవారికి బొమ్మ కనబడదు, బయట ఉన్నవారికి వారూ బొమ్మలో భాగంగా కనబడతారు. ఆయన రూపకల్పన చేసి, మరణానంతరం 2014లో అమెరికాలోని హ్యూస్టన్ లలితకళా మ్యూజియంలో పూర్తయిన పెనెత్రాబ్లేలో దాదాపు 24,000 గొట్టాలు ఉన్నాయి. ఇలాంటి పనిని ఆస్వాదించడానికి స్పానిష్ రానక్కరలేదు, కళాచరిత్ర చదివి ఉండనక్కరలేదు. చిన్నపిల్లలు పెద్దవారికన్నా ముందే దీనిలోకి పరుగెత్తుతారు.

క్రూస్ దియెస్ జీవితమంతా పట్టుకున్నది రంగును. గోడ మీద పూసి వదిలేసేది రంగు కాదని, వెలుతురు, చూసేవారి స్థానం, గడిచే కాలం కలిసినప్పుడు అది ఆ క్షణంలో పుడుతుందని ఆయన నమ్మకం. 1959లో మొదలుపెట్టిన ఫిసిక్రోమీ వరుసలో, పలక మీద సన్నని నిలువు పట్టీలను దగ్గరదగ్గరగా నిలబెట్టి వాటి అంచులకు, పక్కలకు వేర్వేరు రంగులు వేశారు. పలక ముందు ఎడమ నుంచి కుడికి నడిచే మనిషికి అడుగడుగునా కొత్త రంగు పుడుతూ ఉంటుంది, అసలు అక్కడ పూయని రంగు కూడా కనబడుతుంది. క్రోమోసతురేషన్ అని పేరుపెట్టిన మరొక వరుసలో తెల్లని గదులను ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం కాంతితో నింపారు. ఎప్పుడూ అనేక రంగులను ఒకేసారి అందుకునే మన కంటికి ఒకే రంగు మిగిలినప్పుడు అది తట్టుకోలేక తనను తాను సర్దుకుంటుంది, పక్క గదిలోకి వెళ్లగానే ఆ సర్దుబాటు తారుమారవుతుంది. రంగు మన కంట్లోనే తయారవుతున్నదని ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది.

విశాఖవాసులకు మరింత దగ్గరగా అనిపించే ఆయన పని ఒకటి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవులో ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల గురి తప్పించడానికి నౌకల మీద అడ్డదిడ్డంగా కళ్లు చెదిరే చారలు వేసేవారు. నౌక కనబడకుండా చేయడం వారి ఉద్దేశం కాదు. అది ఎటు పోతున్నదో, ఎంత వేగంతో పోతున్నదో పెరిస్కోపులోంచి చూసేవాడు తేల్చుకోలేకుండా చేయడమే ఉద్దేశం. ఆ యుద్ధానికి నూరేళ్లు నిండిన 2014లో, రేవుకు వచ్చే నౌకలకు దారి చూపడానికి వాడిన ఎడ్మండ్ గార్డ్‌నర్ అనే పాత పైలట్ నౌకకు తనదైన రంగుల చారలు వేసే పనిని క్రూస్ దియెస్‌కు అప్పగించారు. అప్పటికి ఆయన వయసు తొంభై దాటింది. నౌకలు కట్టే కర్మాగారం ఉన్న ఊరికి, కుర్సురా జలాంతర్గామిని బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలుపుకున్న ఊరికి ఈ పనిలోని తెలివి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. మన సాయంత్రంలో ఈ నౌక చిత్రాలను హాలు ప్రవేశద్వారం దగ్గరే పెద్దవిగా పెట్టాలని నా పట్టుదల.

ఈ ఇద్దరి పక్కన గేగో పేరు తప్పక ఉండాలి. అసలు పేరు గెర్‌ట్రూడ్ గోల్డ్‌ష్మిట్. 1912లో జర్మనీలోని హాంబుర్గ్‌లో యూదు కుటుంబంలో పుట్టి, స్టుట్‌గార్ట్‌లో వాస్తుశిల్పం చదివి, నాజీల హింస నుంచి తప్పించుకుని 1939లో వెనెజువెలా చేరారు. 1969లో కరాకస్ లలితకళా మ్యూజియంలో ఆమె ఏర్పరచిన రెతికులారియా ఒక గదినంతా ఆక్రమించిన సన్నని లోహపు తీగల వల. ముక్కముక్కనూ చేత్తో అతికించి, త్రికోణాలు, చతుర్భుజాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా అల్లారు. తరువాతి కాలంలో తీగలతో గోడకు కాస్త ఎడంగా వేలాడదీసిన చిన్న రచనలకు కాగితం లేని చిత్రాలని పేరు పెట్టారు. ఆ తీగ నీడ గోడ మీద పడినప్పుడే బొమ్మ పూర్తవుతుంది. 2023లో న్యూయార్క్ గుగన్‌హైమ్ మ్యూజియం ఆమె కృషి మొత్తాన్ని ఒకచోట చేర్చి ప్రదర్శించింది. సోతో, క్రూస్ దియెస్‌లకు దక్కిన ప్రఖ్యాతి ఆమెకు ఆలస్యంగా వచ్చిందని నాకు అనిపిస్తుంది. ముగ్గురిలో నేను ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయేది మాత్రం ఆమె తీగలనే.

ఇంత కళకు నిలువ నీడ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు చమురే. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో చమురు ఆదాయంతో కట్టిన కట్టడాలు ఆధునిక కళకు గోడలిచ్చాయి. కార్లోస్ రౌల్ వియనువేవా రూపొందించిన కరాకస్ విశ్వవిద్యాలయ నగరంలో లెజె, ఆర్ప్, వాజరెలీ వంటి ఐరోపా కళాకారుల పనులు చెట్ల మధ్య, నడవల్లో విద్యార్థులకు ఎదురవుతాయి. అక్కడి మహాసభామందిరం పైకప్పుకు అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ 1953లో వేలాడదీసిన మేఘాలవంటి రంగుల పలకలు కంటికి ఇంపుగా ఉండటమే కాక లోపలి ధ్వనిని కూడా చక్కదిద్దుతాయి. ఆ ప్రాంగణాన్ని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ దేశంలోనే గురి అనే చోట ఉన్న జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్లు తిరిగే యంత్రశాలకు సైతం క్రూస్ దియెస్ రంగులు కూర్చారు. కర్మాగారాల మధ్య బతికే మన నగరపాలకులు, ఇంజనీర్లు ఆ చిత్రాలను చూడాలని నా కోరిక.

సంగీతానికి వస్తే, ఆ దేశాన్ని తెలుసుకోవడానికి తగిన ద్వారం హొరోపో. యానోస్ అని పిలిచే విశాలమైన పచ్చిక మైదానాల్లో పశువుల కాపరుల మధ్య పెరిగిన సంగీతమిది, జంటగా ఆడే నృత్యం కూడా. మైదానపు హొరోపోలో ప్రధాన వాద్యాలు మూడు: నిలువు తీగలను వేళ్లతో మీటే హార్ప్, నాలుగు తీగల క్వాత్రో, గింజలు నింపిన సొరబుర్రల్లాంటి మరాకాస్. హార్ప్ స్పెయిన్ నుంచి మతబోధకుల వెంట వచ్చినది. ఐరోపాలో రాజమందిరాల్లో, చర్చిల్లో మోగిన వాద్యం, యానోస్ చేరేసరికి పశువుల కొట్టాల పక్కన, దుమ్ములో, నృత్యానికి నడకనిచ్చే వాద్యంగా మారిపోయింది. ఇది మనకు పరాయి కథ కాదు. బాలుస్వామి దీక్షితుల కాలంలో కర్ణాటక సంగీతంలోకి వచ్చిన వయొలిన్‌ను విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఏ స్థాయికి తీసుకువెళ్లారో ఈ ప్రాంతంవారికి తెలుసు. వయొలిన్ విని ఇది విదేశీ వాద్యమని ఇక్కడ ఎవరూ అనుకోనట్టే, హార్ప్ విని అది స్పెయిన్‌దని యానోస్‌లో ఎవరూ అనుకోరు.

హొరోపోలో అసలు ఆకర్షణ లయ. ఆరు మాత్రల ఆవర్తాన్ని ఒక వాద్యం మూడేసి మాత్రల చొప్పున రెండుగా విడదీస్తుంటే, అదే సమయంలో మరొక వాద్యం రెండేసి చొప్పున మూడుగా విడదీస్తుంది. రెండు లెక్కలూ ఒకదాని మీద ఒకటి నడుస్తాయి, ఏదీ మరొకదానికి లొంగదు. క్వాత్రో వాద్యకారుడు తీగలను మీటుతూనే అరచేతితో వాటిని అదిమి పొడి దెబ్బ వేస్తాడు కాబట్టి, స్వరమూ తాళమూ ఒకే చేతి నుంచి వస్తాయి. మరాకాస్ అంటే పిల్లల గిలకలనుకునేవారు ఒక్క మంచి వాద్యకారుణ్ణి వింటే చాలు, రెండు చేతుల్లో రెండు వేర్వేరు నడకలు పలికించడం ఎంత సాధనతో వచ్చిన విద్యో గ్రహిస్తారు.

ఇక్కడ మన శ్రోతలకు ఒక గొప్ప అనుకూలత ఉన్నది. సభలో కూర్చుని తొడ మీద తాళం వేస్తూ వినడం మనకు తరతరాల అలవాటు. అందువల్ల హొరోపో రికార్డు పెట్టడానికి ముందు సభను రెండు భాగాలు చేసి, ఒక వైపువారిచేత రెండు దెబ్బలు, మరొక వైపువారిచేత మూడు దెబ్బలు ఒకే ఆవర్తంలో వేయించాలని నేను సూచించాను. అయిదు నిమిషాల పని అది. ఆ తరువాత హార్ప్ మొదలైతే, ఉపన్యాసం వల్ల రాని అవగాహన చేతుల ద్వారా వస్తుంది. విదేశీ సంగీతాన్ని పరిచయం చేసేవారు దాని పుట్టుక, ప్రాంతం, దుస్తులు అంటూ మొదలుపెట్టి, శ్రోతకు అప్పటికే ఉన్న విద్యను వాడుకోవడం మరచిపోతారు. పారిస్ శ్రోతకు, న్యూయార్క్ శ్రోతకు లేని తాళజ్ఞానం విశాఖలోని కళాభారతి సభామందిరానికి వచ్చే సామాన్య శ్రోతకు ఉన్నది.

అదే యానోస్ సంప్రదాయంలో కొంత్రపుంతేవో అనే ఆశుకవితా పోటీ ఉన్నది. ఇద్దరు గాయకులు హార్ప్ ఆగకుండా మోగుతుండగా పద్యానికి పద్యం అప్పటికప్పుడు కట్టి పాడతారు. ఎదుటివారు వదిలిన చివరి మాటను, ప్రాసను అందుకుని తిరుగు సమాధానం చెప్పాలి. అవధానాలు చూసిన తెలుగువారికి ఇది వినగానే ఉత్సాహం కలుగుతుంది, మా మిత్రుల్లో ఒకరు దీనిని కార్యక్రమానికి ప్రధాన అంశం చేద్దామన్నారు. కాని ఇది భాష తెలిసిన సభ లేకపోతే ఆగిపోయే విద్య. చమత్కారం పేలిన క్షణంలోనే సభ నవ్వాలి, ఆ నవ్వు విని గాయకుడు ఇంకొంచెం సాహసించాలి. అనువాదం చదువుకుని ఆలస్యంగా తలూపే సభ ముందు అది సగమే మిగులుతుంది. కాబట్టి దీనిని గురించి చెప్పి, రెండు నిమిషాల పాటు వినిపించి, అంతటితో విరమించడమే మర్యాద.

విదేశాల్లో వెనెజువెలా సంగీతానికి అన్నిటికన్నా పెద్ద పేరు తెచ్చిన ఎల్ సిస్తెమాను కూడా ఈ సందర్భంలో తలచుకోవాలి. ఆర్థికశాస్త్రం చదివిన సంగీతజ్ఞుడు హోసే అంతోనియో అబ్రేయు 1975లో కరాకస్‌లో 11 మంది యువకులతో మొదలుపెట్టిన సాధన, దేశమంతటా పిల్లల వాద్యబృందాల వ్యవస్థగా విస్తరించింది. ముందు ఒంటరిగా ఏళ్ల తరబడి నేర్చుకుని ఆ తరువాత బృందంలో చేరే పద్ధతిని వారు తలకిందులు చేసి, మొదటి నుంచే పిల్లవాణ్ణి బృందంలో కూర్చోబెట్టారు. బార్కిసిమేతోలో 1981లో పుట్టిన గుస్తావో దుదమెల్ అందులో తయారై, 2009లో లాస్ ఏంజలెస్ ఫిల్హార్మోనిక్ సంగీత దర్శకుడయ్యారు. 2007 ఆగస్టులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో సిమోన్ బొలీవర్ యువ వాద్యబృందం ఆయన నాయకత్వంలో రష్యా స్వరకర్త షోస్తకోవిచ్ పదో సింఫనీ వాయించి, ఆ తరువాత దేశపు జెండా రంగుల కోట్లు తొడుక్కుని లాటిన్ అమెరికా సంగీతం వాయించినప్పుడు సభ ఊగిపోయింది. స్కాట్లండ్‌లోని రాప్లాక్‌లో, లాస్ ఏంజలెస్‌లో ఆ పద్ధతిని అనుసరించే బడులు వెలిశాయి.

ఆ రాత్రి గొప్పదే. అయినా ఆ తరువాత లోకం ఎక్కువగా మాట్లాడింది కోట్ల గురించి, పేదవాడల పిల్లల కథ గురించి. ఆ బృందం షోస్తకోవిచ్‌ను ఎలా వాయించిందన్నది వెనక్కు పోయింది. పైగా ఇది ప్రభుత్వ ధనంతో నడిచిన వ్యవస్థ కాబట్టి, అధికారంలో ఉన్నవారు దానిని దేశానికి ముఖచిత్రంగా వాడుకున్నారన్న విమర్శ దేశం వెలుపల ఉన్న వెనెజువెలా సంగీతకారుల నుంచే వచ్చింది. 2017 మే నెలలో జరిగిన నిరసనల్లో ఈ వ్యవస్థలో నేర్చుకున్న యువ వయోలా వాద్యకారుడొకరు ప్రాణాలు కోల్పోయాక, దుదమెల్ బహిరంగంగా గొంతు విప్పారు. అదే ఏడాది ఆగస్టులో ఆయన నడపవలసిన జాతీయ యువ వాద్యబృందపు అమెరికా పర్యటనను ప్రభుత్వం రద్దు చేసింది. లండన్ సభ దృశ్యాన్ని చూపించే ఏ కార్యక్రమమైనా ఈ రెండో భాగాన్ని కూడా చెప్పి తీరాలి, లేకపోతే మనం కళను చూపినట్టు కాదు, ప్రచారాన్ని చూపినట్టు అవుతుంది.

ఇక రెండో జాతి కళ. దీనికి యారె పట్టణపు దయ్యాల నృత్యాన్ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ఈస్టర్ తరువాత వచ్చే కార్పస్ క్రిస్తీ అనే క్యాథలిక్ పండుగ గురువారం నాడు, మొక్కుకున్న పురుషులు ఎర్రని దుస్తులు, కొమ్ములున్న ముసుగులు ధరించి, చేతిలో మరాకాస్‌తో చర్చి ముందు నృత్యం చేస్తారు. ముసుగుకున్న కొమ్ముల సంఖ్యను బట్టి ఆ సంఘంలో వారి హోదా తెలుస్తుంది. వారు పశ్చాత్తాపంతో వెనుకకు అడుగులు వేస్తూ ఆడి, చివరకు పవిత్ర ప్రసాదం ముందు తలవంచి లొంగిపోతారు. ఎవరికో జబ్బు నయం కావాలనో, కష్టం తీరాలనో మొక్కుకున్న మొక్కు తీర్చుకునే విధానమిది. యారెతో సహా పలు ఊళ్లలో జరిగే ఈ నృత్యాలను యునెస్కో 2012లో మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ముసుగులు చాలా అందంగా ఉంటాయి. అందువల్లే ఎక్కడ వెనెజువెలా ఉత్సవం జరిగినా ఎవరో ఒకరు అవి తగిలించుకుని వేదికెక్కుతుంటారు.

మొక్కు లేనివాడు ఆ ముసుగు వేసుకుంటే మిగిలేది వేషమే. దీనిని మా బృందానికి నచ్చజెప్పడానికి విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. పూజారి సిరిమాను చివర కూర్చుని ఆకాశంలో ఊగుతూ వస్తుంటే, వీధి పొడవునా నిలబడిన లక్షలాది మంది చేతులు జోడిస్తారు. ఆ ఘట్టాన్ని కరాకస్‌లో ఒక సభామందిరంలో భారతీయ నృత్యరూపకంగా ప్రదర్శించారని వింటే మన మనసుకు ఎలా ఉంటుంది? యారె వాసులకూ అంతే. దయ్యాల నృత్యం విషయంలో ఫొటోలు చూపి, మొక్కు గురించి, సంఘాల గురించి, వెనుక అడుగుల గురించి ఇరవై నిమిషాలు చక్కగా మాట్లాడితే చాలునన్నది నా అభిప్రాయం. ఇది కఠినమైన నియమమని కొందరు అన్నారు. అరకులో పర్యాటకుల కోసం థింసా ఆడుతున్నారు కదా, దానివల్ల ఆడేవారికి ఆదాయం వస్తున్నది కదా అన్నారు. అది నిజమే. అయితే థింసా ఆడుతున్నది అక్కడివారే, ఎవరి ముందు ఆడాలో, ఏది దాచుకోవాలో నిర్ణయించుకునే వీలు ఎంతో కొంత వారి చేతుల్లో ఉన్నది. యారె మొక్కును విశాఖలో మనం ఆడితే ఆ నిర్ణయం వారి నుంచి లాక్కున్నట్టే.

యానోస్ పనిపాటలది మరింత సున్నితమైన సంగతి. పాలు పితికేటప్పుడు ఆవును పేరుపెట్టి పిలుస్తూ పాడే పాటలు, మందను తోలుకుపోయేటప్పుడు ముందొకరు, వెనకొకరు అందుకుంటూ పాడే పాటలు, రాత్రి మంద బెదరకుండా పాడే పాటలు కొలంబియా, వెనెజువెలా మైదానాల్లో ఉండేవి. పశువులను లారీల్లో తరలించడం మొదలయ్యాక మందతో నడిచే మనిషే తగ్గిపోయాడు. అందుకే 2017లో యునెస్కో వీటిని తక్షణ సంరక్షణ అవసరమైన జాబితాలో పెట్టింది. ఆ పాటకు శ్రోత ఆవు. సభలో కూర్చున్న మనం పక్కనుంచి విన్నవారమే అవుతాము, ఆ ఎరుకతోనే వినాలి.

విదేశీ ప్రేక్షకుల గురించి ఇంతగా మాట్లాడుతున్నప్పుడు, ఇప్పుడు వెనెజువెలా కళను బయటి ప్రపంచంలో మోస్తున్నది ఎవరన్నది కూడా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 75 లక్షలకు పైగా ప్రజలు ఆ దేశం విడిచి వెళ్లారు, అత్యధికులు కొలంబియా, పెరూ వంటి ఇరుగుపొరుగు దేశాల్లోనే ఉన్నారు. బ్యూనస్ ఐరిస్ మెట్రోలో వాయించుకుని బతికిన వలస వాద్యకారులు కలిసి ఒక పెద్ద వాద్యబృందాన్నే ఏర్పాటు చేసుకున్నారు. కరాకస్‌కు సమీపంలోని మైకెతియా విమానాశ్రయంలో నేలంతా క్రూస్ దియెస్ 1970లలో పరిచిన రంగుల చారలుంటాయి. దేశం విడిచివెళ్లే వేలాది మంది ఆ నేల మీద నిలబడిన తమ పాదాలను ఫొటో తీసుకున్నారు. నడిచేవారి కదలికతో రంగు మారాలని చేసిన పని, వెళ్లిపోయేవారి గుర్తుగా మారింది. ఆ అర్థాన్ని ఇచ్చింది చిత్రకారుడు కాదు, దాని మీద నడిచినవారు. మ్యూజియం ప్రదర్శనలకన్నా ఎక్కువగా ఆ ఫొటోలే ఆయన కళను ప్రపంచానికి చేర్చాయని నాకు అనిపిస్తుంది.

సినిమా విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. మార్గో బెనసెరాఫ్ 1959లో తీసిన 'అరాయా' చూపాలి. ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ఆ ఏడాది అంతర్జాతీయ విమర్శకుల బహుమతిని ఫ్రెంచ్ దర్శకుడు అలాన్ రెనే చిత్రంతో పంచుకున్న సినిమా ఇది. దీనిని తీసేనాటికి ఆమెకు ముప్పైమూడేళ్లు కూడా నిండలేదు. తరువాత 1966లో ఆమె తన దేశపు జాతీయ చలనచిత్ర భాండాగారాన్ని స్థాపించి, 2024లో 97 ఏళ్ల వయసులో మరణించారు. ఈశాన్య వెనెజువెలాలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన అరాయా ద్వీపకల్పంలో పంట పండని నేల, ఎండ, ఉప్పు తప్ప మరేమీ లేవు. ఆ ఉప్పు కోసమే స్పెయిన్‌వారు పదిహేడో శతాబ్దంలో అక్కడ కోట కట్టారు. ఉప్పు తీసేవారి, చేపలు పట్టేవారి ఒక పగలు, ఒక రాత్రి ఈ సినిమా కథ. ఉప్పు దిమ్మలను పగలగొట్టడం, కడగడం, గంపలకెత్తుకుని పోయి తెల్లని గుట్టలుగా పోయడం, వలలు లాగడం, కుండలు చేయడం నలుపు తెలుపుల్లో ఎంత ఓర్పుతో చూపారంటే, వారి ఒంటి అలసట మనకు తెలుస్తుంది. పువ్వులు పూయని ఊరు కాబట్టి అక్కడివారు సమాధుల మీద గవ్వలు, పగడపు ముక్కలు పేరుస్తారు. ఆఖరున యంత్రాలు వస్తాయి, శతాబ్దాల నాటి చేతిపని ముగియబోతున్నదని తెలుస్తుంది. అది మేలో కీడో ఆమె తీర్పు చెప్పలేదు.

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో, మన తీరం వెంట ఉన్న మత్స్యకార గ్రామాల్లో పనిచేసేవారిని ఎరిగిన ప్రేక్షకులకు ఈ చిత్రం ఏ పరిచయం లేకుండానే అందుతుంది. నాకున్న ఒక కోరిక ఏమిటంటే, సభకు వచ్చే చదువుకున్నవారితో పాటు జాలారిపేట నుంచి, వీలైతే నౌపడ నుంచి కొందరు పెద్దలను ప్రత్యేకంగా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాలి. చిత్రం ముగిశాక మొదట మాట్లాడవలసింది వారు. ఉప్పు గట్టిపడే తీరు, గంప బరువు, కాళ్ల పుండ్లు, వల లాగే వరుస గురించి వారు చెప్పగలిగినంత మాలో ఎవరూ చెప్పలేరు.

ఇందుకు అడ్డుగా ఉన్నది భాష. చిత్రమంతా నడిచే వ్యాఖ్యానం కవితాత్మకంగా ఉంటుంది, మాటలు తక్కువైనా ప్రతి మాటకూ బరువున్నది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో సరిపెడితే, మేము ముఖ్యంగా పిలవాలనుకుంటున్నవారికే అది అందకుండా పోతుంది. అందువల్ల ప్రదర్శన హక్కులు ఉన్నవారి నుంచి అనుమతి తీసుకుని, వ్యాఖ్యానాన్ని తెలుగులోకి తెచ్చి, సినిమా నడుస్తుండగా ఉత్తరాంధ్ర పలుకుబడిలో ఒకరు చదివి వినిపించాలని అనుకుంటున్నాము. స్పానిష్ బాగా తెలిసి, తెలుగు వాక్యం మీద పట్టున్నవారు విశాఖలో గాని, విజయనగరంలో గాని, శ్రీకాకుళంలో గాని ఉంటే ఈ పనిలో మాతో చేరవలసిందిగా కోరుతున్నాను. సోతో పెనెత్రాబ్లేను పోలిన వేలాడే గొట్టాల నమూనా ఒకటి కూడా ఆ సాయంత్రం నిలపాలనుకుంటున్నాము, దాని చట్రానికి ఇనుప పని చేసిపెట్టేవారు మాకు ఇప్పటికే దొరికారు. దాని పక్కన, ఇది సోతో పద్ధతిని వివరించడానికి మేము చేసుకున్న నమూనా మాత్రమేనని, ఆయన రచన కాదని స్పష్టంగా రాసి పెడతాము.